మాత్ర తప్పిన ఆహుతి

మన ఇళ్లలో చాలామందికి శనివారం ఒంటిపూట. మధ్యాహ్నం ఒక్కమారే భోజనం, రాత్రికి ఫలహారం. ఆ ఫలహారంలో ఫలం కనిపించి చాలా కాలమైంది. దాని స్థానంలోకి పూరీలు, మినపట్లు, ఉప్మా పెసరట్లు వచ్చి చేరాయి. తక్కిన ఆరు రాత్రుల కంటె ఆ ఏడవ రాత్రి ఉదరం ఎక్కువ బరువెక్కుతుంది. అయినా వ్రతభంగం జరిగిందని ఎవరికీ తోచదు. అన్నం మెతుకు నోట పడలేదు కదా!

నేనూ ఇరవై ఏళ్లుగా అటువంటి వ్రతనిష్ఠుణ్ణే. నలభై తొమ్మిదవ యేట కార్యాలయంవారు చేయించిన వార్షిక వైద్యపరీక్షలో నా రక్తం నా నిష్ఠకు విరుద్ధంగా సాక్ష్యం చెప్పింది. మొత్తం కొలెస్ట్రాల్ 246, ఎల్‌డీఎల్ 156, ట్రైగ్లిజరైడ్లు 265, హెచ్‌డీఎల్ 37. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు, నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు. "గుడ్డు కూడా ముట్టనివాణ్ణి, శనివారాలు ఒంటిపూట ఉంటాను, నాకు కొలెస్ట్రాల్ ఏమిటండీ?" అని వైద్యుణ్ణి అడిగాను. ఆయన వెంటనే సమాధానం చెప్పలేదు. "శనివారం రాత్రి ఏం తింటారు?" అన్నారు. "అన్నం తిననండీ" అన్నాను. "అన్నం తినరు సరే, ఏం తింటారు?" అని మళ్లీ అడిగారు.

ఆ రెండవ ప్రశ్నే ఈ వ్యాసానికి బీజం. ఏది తినరాదో మనం తరతరాలుగా భద్రంగా కాపాడుకున్నాం. ఎంత తినాలో మరచిపోయాం. ఆహారనియమంలో సగం పోగొట్టుకొని, మిగిలిన సగాన్నే పూర్ణమని భావిస్తున్నాం. పోయిన ఆ సగం పేరు మాత్ర, అనగా పరిమాణం.

ముందుగా దేహధర్మాన్ని తెలుసుకోవాలి. కొలెస్ట్రాల్ స్వభావతః విషం కాదు. ప్రతి జీవకణపు పొరకు, పిత్తరసానికి, కొన్ని హార్మోన్లకు, విటమిన్ డి తయారీకి అది మూలద్రవ్యం. ఇంత అవసరమైనది కనుకనే దాని సరఫరాను ప్రకృతి మన భోజనానికే వదిలిపెట్టలేదు. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో అధికభాగాన్ని దేహమే తయారు చేసుకుంటుంది. అందులో కాలేయానిది ప్రధానపాత్ర. వృక్షజన్యమైన నూనెలలో లెక్కకు వచ్చే కొలెస్ట్రాల్ ఉండదు. కాబట్టి నూనె ప్యాకెట్టుపై ముద్రించిన 'కొలెస్ట్రాల్ రహితం' అనే మాట సత్యమే కాని, మనకు అభయమిచ్చేది కాదు.

కాలేయకణాలపై గ్రాహకాలు ఉంటాయి. రక్తంలో సంచరించే ఎల్‌డీఎల్‌ను అవి పట్టుకొని లోనికి తీసుకుంటాయి. ఈ వ్యవస్థను వెలికితీసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. ఆహారంలో సంతృప్త కొవ్వు అధికమైనప్పుడు ఆ గ్రాహకాల పని మందగిస్తుంది. ఎల్‌డీఎల్ రక్తంలోనే నిలిచి, ఏళ్ల తరబడి ధమనుల గోడలలో పేరుకుంటుంది. నెయ్యి, వెన్న, వనస్పతి, పామాయిల్, కొబ్బరినూనె, వీటన్నిటిలోనూ సంతృప్త కొవ్వు హెచ్చు. ఇవన్నీ శాకాహారపు వంటింటి ద్రవ్యాలే! ఇక తెల్లని అన్నం, మైదా, చక్కెర అవసరాన్ని మించినప్పుడు కాలేయం వాటిని కొవ్వుగా మార్చి ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది. దానితోపాటు మేలుచేసే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. సాధారణంగా ఎల్‌డీఎల్ 100కు, ట్రైగ్లిజరైడ్లు 150కి లోపల ఉండాలంటారు. హెచ్‌డీఎల్ పురుషులకు 40, స్త్రీలకు 50 దాటి ఉండాలి. నడుము చుట్టుకొలత మన దేశీయులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. నా నివేదికలో ఈ హద్దులన్నీ అతిక్రమించబడ్డాయి. మాంసం వలన కాదు. పరిమాణం వలన.

ఇది నా ఒక్కడి కథ కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశమంతటా జరిగిన ఇండియాబ్ అధ్యయన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. రక్తంలోని కొవ్వుల పాళ్లలో ఏదో ఒక లోపం ఉన్నవారు వయోజనులలో 81 శాతం అని అది తేల్చింది. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించిన మరొక అధ్యయనం 2025లో ప్రచురితమైంది. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది, 71 శాతం మంది స్థూలకాయులు. ఆ సంఖ్య చిన్నదే, దానిని ఉద్యోగులందరికీ అన్వయించరాదు. కాని మన పక్క కుర్చీలవైపు ఒకసారి చూచుకుంటే ఆ లెక్క మనకు ఆశ్చర్యం కలిగించదు. రోజుకు తొమ్మిది గంటలు కూర్చోవడం, మూడు నాలుగు కప్పుల తియ్యని టీ, ఎవరిదో ఒకరి పుట్టినరోజు సమోసా, రాత్రి పదిగంటలకు భోజనం, పదకొండు గంటలకు నిద్ర. ఇదే మన దినచర్య.

ఇప్పుడు శాస్త్రంవైపు చూద్దాం. తైత్తిరీయోపనిషత్తు అన్నశబ్దానికి రెండు వైపులా వ్యుత్పత్తి చెబుతుంది. జీవి అన్నాన్ని తింటుంది, అన్నమూ జీవిని తింటుంది. మొదటి అర్థం అందరికీ తెలుసు. రెండవ అర్థం నలభై ఏళ్లు దాటాక వైద్యపరీక్ష చేయించుకున్నప్పుడు తెలుస్తుంది. ఇంకొక విశేషమూ ఉంది. ఉపనిషత్తులో అన్నం అంటే తినదగినదంతా అన్నమే. తెలుగులో మాత్రం అన్నమంటే ఉడికిన బియ్యం. ఆ అర్థసంకోచం మన విస్తరిలోకి కూడా దిగివచ్చింది. మధ్యలో అన్నపురాశి, అంచున పిడికెడు కూర. అన్నం మానేస్తే ఉపవాసమైపోయిందనే మన భావన కూడా ఈ సంకోచం నుంచి పుట్టినదే.

భోజనానికి ముందు పరిషేచనం చేసి, ప్రాణాపానాది పంచప్రాణాలకు ఆహుతులు సమర్పించడం మన ఆచారం. ఈనాటికీ చాలామంది చేస్తున్నారు. దాని తాత్పర్యం స్పష్టం. భోజనం ఒక యజ్ఞం, ఉదరం హోమకుండం, అందులో వెలిగేది వైశ్వానరాగ్ని. ప్రాణుల దేహాలలో నాలుగు విధాల ఆహారాన్ని పచనం చేసే ఆ అగ్ని తానేనని భగవద్గీత పదిహేనవ అధ్యాయంలో భగవానుడు చెప్పుకున్నాడు. అటువంటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి. హోమంలో నెయ్యిని స్రువంతో కొలిచి వేస్తారు. ఏ దేవతకు ఎన్ని ఆహుతులో, ఎప్పుడు ఆపాలో విధి ఉంది. నెయ్యి పవిత్రమైనదే కదా అని డబ్బా ఎత్తి కుండంలో గుమ్మరించే ఋత్విక్కు ఎక్కడైనా ఉన్నాడా? అలా చేస్తే అగ్ని పొగలు కక్కి ఆరిపోవాలి, లేదా పందిరికి అంటుకోవాలి. బయటి అగ్నికి ఇంత జాగ్రత్త చూపే మనం, లోపలి అగ్నికి ద్రవ్యశుద్ధి ఒక్కటే చాలునని ఎలా అనుకున్నాం?

మన పూర్వులు ఈ విషయంలో ఏమరలేదు. చరకసంహిత విమానస్థానంలో, కుక్షిని మూడు భాగాలుగా భావించి ఒక భాగాన్ని ఘనాహారానికి, ఒక భాగాన్ని ద్రవానికి, మూడవదానిని వాతపిత్తకఫాల సంచారానికి విడిచిపెట్టాలన్న విధి ఉంది. అదే గ్రంథం సూత్రస్థానంలో స్థౌల్యానికి కారణాలు చెబుతూ అతిభోజనాన్ని, గురువులూ మధురములూ అయిన పదార్థాలను, వ్యాయామం లేకపోవడాన్ని, పగటినిద్రను లెక్కించింది. మన కార్యాలయ జీవితాన్ని కళ్లారా చూచినవారు రాసినట్లు ఉంటుంది. గీత ఆరవ అధ్యాయం ప్రకారం మితిమీరి తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం కుదరదు.

ఇక్కడ నెయ్యిని గురించిన వివాదం తప్పక వస్తుంది. 'నెయ్యి సాత్త్వికం, మన తాతలు గరిటెలతో వేసుకున్నారు, కొలెస్ట్రాల్ అనేది మందుల వ్యాపారుల కల్పన' అనే ప్రసంగాలు రోజూ మన ఫోనులలోకి వస్తున్నాయి. నెయ్యిని నిందించడం నా ఉద్దేశం కాదు. గీత పదిహేడవ అధ్యాయంలో సాత్త్వికాహార లక్షణాలలో స్నిగ్ధత్వం ఉన్నమాట నిజమే. హఠయోగప్రదీపిక కూడా మితాహారాన్ని నిర్వచిస్తూ స్నిగ్ధమూ మధురమూ అయిన ఆహారాన్నే చెప్పింది. కాని ఆ నిర్వచనంలోనే ఉదరంలో నాల్గవవంతు ఖాళీగా ఉంచమనీ, శివప్రీతికై భుజించమనీ ఉంది. మనం స్నిగ్ధశబ్దం దగ్గరే పుస్తకం మూసేశాం. ఇక తాతల విషయం. వారిలో పలువురు పొలాలకు నడిచారు, నీళ్లు తోడారు, ఇంటి స్త్రీలు దంచారు, విసిరారు. వారి నెయ్యి వారి శ్రమలో దగ్ధమైంది. మన నెయ్యి మన కుర్చీలో కూర్చుని ఉంది. ఎల్‌డీఎల్ అధికమైతే ధమనులు పూడుకుంటాయన్నది వైద్యశాస్త్రం అనేక మార్గాల్లో నిర్ధారించిన విషయం. దానిని కల్పన అనడం శాస్త్రాభిమానం కాదు, జిహ్వాభిమానం.

శాకాహారమైనదంతా సాత్త్వికమనే భ్రమ కూడా తొలగాలి. ఉదయం కాచిన నూనెలోనే సాయంత్రం మళ్లీ వేగిన మిరపకాయ బజ్జీ శాకాహారమే. దానిని సాత్త్వికమని ఏ శాస్త్రంతో సమర్థిస్తాం? గీత చెప్పిన రాజస తామస లక్షణాలు ద్రవ్యం పేరును బట్టి రాలేదు. ఉప్పు, కారం, వేడి మితిమీరడాన్నీ, వండి చాలాసేపు గడవడాన్నీ బట్టి వచ్చాయి.

మా గీతాపారాయణ బృందంలో ఒక మిత్రులు ఉండేవారు. నాకంటె రెండేళ్లు పెద్ద. నాకు ఆ నివేదిక వచ్చిన నెలలోనే ఆయనకూ అటువంటిదే వచ్చింది. వైద్యులు మాత్రలు రాసిచ్చారు, నడవమన్నారు. "రాలిపోయే దేహమండీ ఇది, దీనికింత ఉపచారమా?" అని ఆయన నవ్వేశారు. ఏడు నెలల తరువాత ఒక తెల్లవారుజామున గుండెపోటుతో వెళ్లిపోయారు. మాత్రలు వేసుకుని ఉంటే బ్రతికేవారని నేను అనను, అలా ఎవరూ అనలేరు. కాని ఇంటర్మీడియట్ చదువుతున్న వారి అమ్మాయి పదవరోజున నన్ను అడిగింది: "అంకుల్, దేహం నాది కాదని నాన్న అనేవారు. మరి మా నాన్న నాకు దేహంతోనే కదా కనిపించేవారు?" ఆ పిల్లకు చెప్పగల వేదాంతం నా వద్ద లేకపోయింది. ఈ వ్యాసంలోని తక్కిన భాగం ఆమెకు ఇవ్వలేకపోయిన సమాధానం కోసం నేను చేసుకున్న విచారణ.

దేహం నేను కాదన్నది సిద్ధాంతం. దానిని దేహం పట్ల అశ్రద్ధకు ప్రమాణంగా వాడుకోవచ్చునా? దేహాన్ని క్షేత్రమన్నారు. క్షేత్రజ్ఞుడు వేరు కనుక క్షేత్రాన్ని బీడు పెట్టవచ్చునని అర్థమా? కౌలుకు తీసుకున్న పొలాన్ని సొంతపొలం కంటె జాగ్రత్తగా చూడటం ధర్మం, ఎందుకంటే అప్పగించవలసినది మరొకరికి. పైగా అశ్రద్ధ చేయబడిన దేహం సాధకుణ్ణి వదలదు. మోకాలు నొప్పితో పద్మాసనం కుదరదు, భుక్తాయాసంతో సంధ్యాకాలం నిద్రపాలవుతుంది, జపం చేస్తున్నప్పుడు మనస్సు గుండె మీదికే పోతుంది. దేహాన్ని మరవాలనుకునేవారు ముందు అది మనలను మాటిమాటికీ పిలవకుండా చూసుకోవాలి. ఇంకొక మాట. నాల్గవ పూరీ వేసుకునేటప్పుడు 'దేహం నేను కాదు' అన్న స్మరణ మనకు రాలేదు. నడవమన్నప్పుడే వచ్చింది. ఇష్టమైనప్పుడు దేహాత్మబుద్ధి, కష్టమైనప్పుడు బ్రహ్మజ్ఞానం! ఇది వైరాగ్యం కాదు.

రెండవ ఆక్షేపణ ప్రారబ్ధం. ఇందులో కొంత సత్యం ఉంది. కొందరికి వంశపారంపర్యంగానే కొలెస్ట్రాల్ హెచ్చు. ఎంత మితంగా తిన్నా, ఎంత నడచినా వారికి ఎల్‌డీఎల్ దిగదు. సన్నగా ఉన్నవారిలోనూ ఇది ఉంటుంది. కనుక బరువును చూచి ఒకరి శీలాన్ని నిర్ణయించడం, స్థూలకాయుణ్ణి సభలో పరిహసించడం మహాదోషం. ప్రారబ్ధమైనా పురుషప్రయత్నాన్ని నిషేధించదు. వైద్యుడు ఇచ్చిన మాత్రను వేసుకోవడం కూడా పురుషప్రయత్నమే. మన భాషలో పరిమాణానికీ ఔషధపు గుళికకూ 'మాత్ర' అనే ఒకే పేరు ఉండటం నాకు అర్థవంతంగా తోస్తుంది. మొదటి మాత్ర తప్పినవారిలో చాలామందికి రెండవ మాత్ర అవసరమవుతుంది. రెండవదానిని వేసుకుంటున్నాం కదా అని మొదటిదానిని విడువరాదు.

ఇక మూడవది, వ్యతిరేక దిశలోని ప్రమాదం. నివేదిక చూచి భయపడి, అన్నం పూర్తిగా మాని, పది రోజులు రసాలతో గడిపి, నెలకు పది కిలోలు తగ్గాలని దేహాన్ని దండించేవారున్నారు. దేహాన్ని పీడించే ఘోరతపస్సు లోపలనున్న తననే పీడిస్తుందని భగవానుడు గీత పదిహేడవ అధ్యాయంలో హెచ్చరించాడు. ఛాందోగ్యంలో శ్వేతకేతువు పదిహేను దినాలు నీరు మాత్రమే త్రాగి ఉండి, తండ్రి అడిగితే నేర్చిన వేదం జ్ఞాపకం తెచ్చుకోలేకపోయాడు. భుజించిన తరువాత స్మృతి మరలివచ్చింది. మనస్సు అన్నమయమని తండ్రి అతనికి అలా అనుభవపూర్వకంగా బోధించాడు. అతిగా తిన్నా, అసలు తినకున్నా చెడేది ఆ మనస్సే.

మరి ఏం చేయాలి? నేను ఆచరించి చూచినవి చెబుతాను.

నెల మొదటి తేదీన నూనెను కొలవండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో 2000 కెలోరీల దైనందిన ఆహారానికి ఒక నమూనా ఉంది. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, నూనె నేతులన్నీ కలిపి 27 గ్రాములు. అంటే నెలకు మనిషికి నేతితో సహా ఒక లీటరు ప్యాకెట్టు కూడా పూర్తిగా పట్టదు. మా ఇంట ముగ్గురికి అయిదు ప్యాకెట్లు, ఒక కిలో నెయ్యి అయ్యేవని లెక్కవేసినప్పుడు తెలిసింది. ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కెలోరీలు ఉంటాయి. దాదాపు 100 గ్రాముల ఉడికిన అన్నంలో ఉండేంత! శనివారం అన్నం మానిన నేను దానికి రెండింతలు నూనెలో త్రాగుతున్నానన్నమాట.

విస్తరిని తిరగవేయండి. అన్నంలో కూర కలుపుకోవడం మాని, కూరలో అన్నం కలుపుకోండి. కూర, పప్పు ముందు వడ్డించుకుని, మిగిలిన చోటులో అన్నం పెట్టుకుంటే ఆ చోటే మాత్రను నిర్ణయిస్తుంది.

ఉపవాసానికి దాని అర్థాన్ని తిరిగి ఇవ్వండి. ఉపవాసమంటే దైవానికి సమీపంలో వసించడం. బాణలికి సమీపంలో కాదు. శనివారం రాత్రి ఒక పండు, పలుచని మజ్జిగ, పిడికెడు శనగ గుగ్గిళ్లు చాలు. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి తీరాలి. వారికి ఖాళీకడుపు ప్రమాదం కావచ్చు.

ప్రసాదాన్ని ఎన్నడూ తిరస్కరించకండి. కాని అరచేతి గుంటలో పట్టినంతే ప్రసాదం. రెండవ దొన్నె చక్రపొంగలి భక్తితో అడిగినది కాదని అడిగినవారికి తెలుసు. ప్రసాదానికి స్వభావం పంచబడటం. అధికంగా వస్తే పక్కవారికి ఇవ్వండి, ఇద్దరికీ పుణ్యమే.

నడక కూడా ఆరాధనే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెద్దలకు కనీసమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అరగంట చొప్పున అయిదు రోజులు. మన సంప్రదాయంలో ప్రదక్షిణం ఉండనే ఉంది. నామం నోట ఉంటే వీధి కూడా ప్రాకారమే. కార్యాలయంలో గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. రాత్రి భోజనానికీ నిద్రకూ నడుమ రెండు గంటలైనా విడవండి.

చివరిగా, పరీక్ష చేయించుకోండి. అంతర్ముఖులు కావాలని నిత్యం చెప్పుకునే మనం, మన లోపల ఏం ప్రవహిస్తున్నదో తెలుసుకోవడానికి భయపడరాదు.

ఎనిమిది నెలలలో నా బరువు 82 నుంచి 75కు వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు 265 నుంచి 148కి దిగాయి. ఎల్‌డీఎల్ మాత్రం 156 నుంచి 133 వద్ద ఆగిపోయింది. మా నాన్నగారికీ హృద్రోగం ఉండేది కనుక వైద్యులు ఒక మాత్ర మొదలుపెట్టారు. మొదట మనస్సు చిన్నబోయింది, ఇంత చేసీ ఓడిపోయానే అని. తరువాత అనుకున్నాను, ఫలాపేక్ష లేకుండా చేయమన్నది ఇటువంటి కర్మనే కదా. రాత్రి భోజనమయ్యాక దేవుని గూట్లోని తీర్థంతో ఆ మాత్ర వేసుకుంటాను.

మా మిత్రుల అమ్మాయికి ఇప్పుడు ఒక సమాధానం చెప్పగలననుకుంటున్నాను. దేహం మనది కాదమ్మా, నిజమే. నీ వంటివారికి మేము అందుబాటులో ఉండటానికి భగవంతుడు మా చేతికిచ్చినది. అందుకే దానిని కొలిచి పోషించవలసి ఉంది. మీ నాన్నకు అది తెలియక కాదు, మా అందరిలాగే ఆలస్యంగా ఆలోచించారు.

ఈ శనివారం రాత్రి బాణలి పొయ్యి మీదికి ఎక్కించే ముందు ఒక్క క్షణం ఆగి, లోపలి అగ్నికి ఈ పూట ఎంత ఆహుతి కావాలో అడగండి. శ్రద్ధగా వింటే అది చెబుతుంది.

సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.